జీబ్రా చేప: పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త వ్యాసాల్లో మరొక పేరు – ఏది రాయాలి?

సెలయేరు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను జంతుశాస్త్రం చదివి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇంట్లో అక్వేరియంలో జీబ్రా చేపలను పెంచుతూ, వాటిని చూడవచ్చే పిల్లల కోసం ఒక చిన్న పరిచయ పత్రం రాద్దామని కూర్చున్నాను. మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. నా దగ్గరున్న పాత పాఠ్యపుస్తకం దీనిని బ్రాకిడానియో రేరియో అంటోంది, కుటుంబం సైప్రినిడే అని చెబుతోంది. ఈమధ్య చదివిన వ్యాసాలన్నింటిలోనూ డానియో రేరియో అనే ఉంది, కానీ కుటుంబం విషయంలో కొందరు సైప్రినిడే అనీ కొందరు డానియోనిడే అనీ రాస్తున్నారు. ఒకే చేపకు ఇన్ని చిరునామాలు ఎందుకున్నాయో పిల్లలు అడిగితే నేను చెప్పగలగాలి.

రెండవ సందేహం లెపర్డ్ డానియో గురించి. చారలకు బదులు ఒళ్లంతా చుక్కలున్న ఈ చేపను పాత పుస్తకం బ్రాకిడానియో ఫ్రాంకీ అనే వేరే జాతిగా చూపుతోంది. కానీ నా తొట్టిలో చుక్కల ఆడచేప, చారల మగచేప కలిసి గుడ్లు పెట్టాయి. పుట్టిన పిల్లలన్నీ చారలతోనే పెరిగాయి, వాటికి పుట్టిన రెండవ తరంలో మాత్రం కొన్ని చుక్కల చేపలు మళ్లీ కనిపించాయి. రెండు వేర్వేరు జాతుల మధ్య ఇది ఇంత సులువుగా జరుగుతుందా?

మూడవది, ఆ మొదటి తరంలో బతికి పెద్దవైన ముప్పై నాలుగు చేపల్లో ఆడవి నాలుగే. ఇది కేవలం యాదృచ్ఛికమేనా, లేక నా పెంపకంలో ఏదైనా లోపముందా?

పొలుసు (సమాధానం):

సెలయేరు గారూ, మీ పాత పుస్తకం తప్పు రాయలేదు. అది అచ్చయిన కాలానికి శాస్త్రవేత్తలు విరివిగా వాడుతున్న పేరు అదే. పేరు ఎందుకు మారిందో చెప్పాలంటే, ఈ చేపకు తొలిసారి పేరు పెట్టిన చోటి నుంచే మొదలుపెట్టాలి.

ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడిగా పనిచేసిన స్కాట్లాండు దేశస్థుడు ఫ్రాన్సిస్ హామిల్టన్, గంగానదిలోనూ దాని పాయల్లోనూ దొరికే చేపలను వర్ణిస్తూ 1822లో ఎడిన్‌బరోలో ఒక గ్రంథం ప్రచురించాడు. మనందరికీ తెలిసిన శీలావతికీ బొచ్చెకూ శాస్త్రీయ నామాలు పెట్టింది ఆ గ్రంథమే. కోసీ నదిలో దొరికిన ఈ చిన్న చారల చేపకు ఆయన సైప్రినస్ రేరియో అని పేరు పెట్టాడు. అంటే గంపంత పెరిగే బొచ్చె, వేలెడంత కూడా లేని ఈ చేప ఆయన లెక్కలో ఒకే ప్రజాతికి, అంటే దగ్గరి జాతులను కలిపే ఒకే గుంపుకు, చెందినవి. అంత పెద్ద ప్రజాతి లోపల కొన్ని జాతులను ఒక గుంపుగా కట్టి దానికి డానియో అని పేరు పెట్టాడు. వరిపొలానికి సంబంధించినది అనే అర్థంలో బెంగాలీలో ఉన్న ధాని అనే మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. ఈ చేప నిజంగానే వరిమళ్లలో తిరిగే చేప కనుక ఆ పేరు నాకెంతో నచ్చుతుంది.

తరువాతి కాలంలో డానియో ఒక స్వతంత్ర ప్రజాతి అయింది. 1916లో వెబర్, డి బోఫోర్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిన్న పరిమాణంలో ఉన్న జాతులను అందులోంచి విడదీసి బ్రాకిడానియో అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచారు. గ్రీకులో బ్రాకి అంటే పొట్టి అని అర్థం. వెన్నుమీది వాజంలో కొమ్మలు చీలిన కిరణాలు, అంటే వాజాన్ని నిలబెట్టే పుల్లలు, ఏడే ఉండి, శరీరం పక్కగా సాగే పార్శ్వరేఖ సగంలోనే ఆగిపోతే లేదా అసలే లేకపోతే అది బ్రాకిడానియో అనీ, కిరణాలు అంతకన్నా ఎక్కువగా ఉండి పార్శ్వరేఖ తోక దాకా పూర్తిగా సాగితే డానియో అనీ గుర్తుపట్టేవారు. చూడగానే లెక్కపెట్టుకోగల లక్షణాలు కావడం వల్ల ఈ విభజన చాలా దశాబ్దాలు నిలిచింది. మీ పుస్తకంలోని పేరు ఇక్కడిదే.

చిక్కల్లా ఏమిటంటే, చిన్న శరీరం, తక్కువ కిరణాలు, కురచైన పార్శ్వరేఖ అనే మూడూ ఒకదానితో ఒకటి ముడిపడిన లక్షణాలు. ఏ చేపల వంశంలోనైనా శరీరం చిన్నదైనప్పుడు మిగిలిన రెండూ దాని వెంట రావచ్చు కనుక, వాటిని చుట్టరికానికి సాక్ష్యంగా తీసుకోవడం ప్రమాదం. 1991లో బర్మన్ భారతదేశపు జాతులను పునఃపరిశీలించి రెండు ప్రజాతులనూ మళ్లీ ఒక్కటిగా కలిపాడు. ఆ దశాబ్దంలోనే డీఎన్‌ఏ పోలికలు కూడా పరిమాణాన్ని బట్టి గీసిన గీత సరైనది కాదని చూపాయి. చివరకు 2003లో ఫాంగ్ ఫాంగ్ ఎముకల నిర్మాణాన్ని, ఇతర శరీర లక్షణాలను వివరంగా పోల్చి, పాత డానియోలో నిజానికి రెండు వంశాలున్నాయని నిరూపించింది.

ఇక్కడే పేరు ఎటు పోవాలన్న ప్రశ్న వస్తుంది. ఒక ప్రజాతిని రెండుగా చీల్చినప్పుడు, పాత పేరు ఎక్కువ జాతులున్న వైపుకో పెద్ద చేపలున్న వైపుకో పోదు, ఆ ప్రజాతికి ప్రమాణంగా నియమించిన జాతి ఏ వైపు ఉందో అటే పోతుంది. డానియోకు ప్రమాణ జాతి డానియో డంగిలా. అది చూడటానికి పెద్ద చేపే అయినా, దాని చుట్టరికం చిన్నవాటితోనే అని తేలింది. అందువల్ల డానియో అనే పేరు డంగిలాతో పాటు రేరియో వంటి చిన్న జాతులకు దక్కింది. మిగిలిన పెద్ద జాతుల్లో అత్యధికం డెవారియో అనే ప్రజాతిలోకి వెళ్లాయి. 1916 నాటి బ్రాకిడానియో 1822 నాటి డానియోలో కలిసిపోయినప్పుడు ముందు పుట్టిన పేరుకే ప్రాధాన్యం కనుక, ఈనాడు విస్తృతంగా వాడుకలో ఉన్న పేరు డానియో రేరియో. మీ పత్రంలో నిస్సందేహంగా అదే రాయండి, పాత పేరును పక్కన ఒక్క మాటగా పేర్కొంటే పిల్లలు పాత పుస్తకం తెరిచినా తికమకపడరు.

కుటుంబం సంగతి ఇంకా ఇటీవలిది. సైప్రినిడే ఒకప్పుడు వేలకొద్దీ జాతులున్న అతిపెద్ద కుటుంబం. 2018లో టాన్, ఆర్మ్‌బ్రస్టర్ అనే శాస్త్రవేత్తలు ఆ కుటుంబం ఉన్న సైప్రినిఫార్మిస్ క్రమం మొత్తానికి కొత్త వర్గీకరణ ప్రతిపాదిస్తూ, సైప్రినిడేలోని ఉపకుటుంబాలను కుటుంబాల స్థాయికి పెంచారు. అలా డానియోనినే అనే ఉపకుటుంబం డానియోనిడే అయింది. కాబట్టి ఇకపై డానియోనిడే అనే రాయాలి, సైప్రినిడే అనడం తప్పు.

వర్ణరేఖ (సమాధానం):

పొలుసు గారి వివరణ ఎంతో స్పష్టంగా ఉంది, చివరి వాక్యంతో మాత్రం నేను ఏకీభవించలేను. ఒక గుంపులోని జాతులన్నీ ఒకే పూర్వీకుడి సంతానమా కాదా అన్నది పరిశీలనతో తేలే విషయం. ఆ గుంపును కుటుంబం అనాలా ఉపకుటుంబం అనాలా అన్నది మాత్రం మనం చేసుకునే ఏర్పాటు. డానియోలు, డెవారియోలు, రాస్బోరాలు, పన్నెండు మిల్లీమీటర్లకే పెరుగుదల ఆగిపోయే గాజులాంటి డానియోనెల్లాలు ఒక కొమ్మకు చెందినవన్నదే ఇందులో ముఖ్యమైన విషయం. ఆ కొమ్మకు డానియోనిడే అన్నా డానియోనినే అన్నా వంశవృక్షం ఒకటే. అందుచేత సైప్రినిడే అని విస్తృతార్థంలో రాసినవారిని తప్పుపట్టనవసరం లేదు. పిల్లల పత్రంలో సైప్రినిఫార్మిస్ క్రమం అని రాసి, శీలావతి, బొచ్చె వంటి చేపల దూరపు బంధువు అని చేర్చితే వారికి అంతకన్నా బాగా అర్థమవుతుంది.

ఆ బంధుత్వాన్ని చూపే లక్షణాలు కూడా చెప్పదగినవే. ఈ క్రమంలోని చేపలకు దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉండే పళ్లతోనే ఆహారాన్ని నలుపుకుంటాయి. మెడ దగ్గరి తొలి వెన్నుపూసల నుంచి ఏర్పడిన చిన్న ఎముకల వరుస ఒకటి గాలితిత్తిని లోపలి చెవితో కలుపుతుంది. నీటిలోని శబ్దానికి గాలితిత్తి కంపించినప్పుడు ఆ కంపనం ఈ ఎముకల గుండా చెవికి చేరుతుంది కనుక వీటికి వినికిడి చురుకుగా ఉంటుంది. చర్మం గాయపడిన చేప నుంచి వెలువడే ఒక పదార్థాన్ని వాసన పట్టి మిగిలినవి చెదిరిపోవడం, కదలక బిగుసుకుపోవడం కూడా ఈ పెద్ద గుంపులో విస్తృతంగా కనిపించే లక్షణమే.

ఇక చుక్కల చేప. సెలయేరు గారూ, మీ తొట్టిలో జరిగినదే దీనికి సరైన సమాధానం. 1963లో మైన్‌కెన్ బ్రాకిడానియో ఫ్రాంకీ అనే పేరుతో దీనిని కొత్త జాతిగా వర్ణించాడు. ఆయన చూసినవి అక్వేరియం చేపలు. తరువాత సంకరణ ప్రయోగాలు చేసి చూస్తే, అది రేరియోలోనే ఒక జన్యువు మారిన రూపం అని తేలింది. ఆ మార్పు అంతర్గతమైనది, అంటే జన్యువు రెండు ప్రతులూ మారితేనే పైకి కనిపిస్తుంది. చారల చేపతో కలిస్తే మొదటి తరమంతా చారలతోనే పుడుతుంది, వాటిని వాటిలో కలిపితే రెండవ తరంలో సుమారు నాలుగింట ఒక వంతుకు చుక్కలు తిరిగి వస్తాయి. మెండెల్ బఠానీల్లో చూసిన నిష్పత్తి ఇదే. మీ రెండవ తరంలోని చేపలను ఒకసారి లెక్కపెట్టి చూడండి, పిల్లలకు అంతకన్నా మంచి పాఠం దొరకదు.

మారిన ఆ జన్యువు కనెక్సిన్ అనే ప్రోటీనును తయారుచేసేది. పక్కపక్కన ఉన్న కణాల మధ్య సన్నని దారులను నిర్మించే ప్రోటీను ఇది. చారలకూ దానికీ సంబంధమేమిటంటే, జీబ్రా చేప చర్మంలో మూడు రకాల వర్ణకణాలున్నాయి: నల్లవి, పసుపువి, వెండిలా మెరిసేవి. ముదురు చార, లేత చార ఎక్కడ రావాలో ముందుగా ముద్ర వేసినట్లు ఉండదు. మెరిసే కణాలు శరీరం మధ్యగీత వెంట మొదటి లేత చారను ఏర్పరిస్తే, ఆ తరువాత ఈ మూడు రకాల కణాలు ఒకదానినొకటి దగ్గరకు పిలుచుకుంటూ, దూరంగా నెట్టుకుంటూ మిగిలిన చారలను పైకీ కిందికీ అల్లుకుంటూ పోతాయి. కణాల మధ్య ఆ సంభాషణ తెగితే చార నిలవదు, ముక్కలై చుక్కలుగా మిగులుతుంది. 1952లో గణితవేత్త అలాన్ ట్యూరింగ్ రెండు పదార్థాల పరస్పర చర్యతోనే చారలు, మచ్చలు తమంతట తాము ఏర్పడగలవని సూత్రీకరించాడు. జపాన్‌కు చెందిన షిగేరు కొండో బృందం 2007లో జీబ్రా చేప చర్మంలో కొంత భాగంలోని వర్ణకణాలను లేజరుతో తొలగించి చూసినప్పుడు, తిరిగి వచ్చిన చారలు పాత స్థానాలకే పరిమితం కాక, ఆ సూత్రం ఊహించిన తీరులోనే కొత్తగా అమరాయి.

దీని దగ్గరి బంధువుల్లో ఒకటైన డానియో ఈస్కులాపీకి చారలు నిలువుగా ఉంటాయి, డానియో ఆల్బోలినియేటస్‌కు దాదాపు ఉండవు. ఇంత దగ్గరి చుట్టాల మధ్య ఇంత తేడా రావడానికి పూర్తిగా కొత్త జన్యువులు పుట్టనవసరం లేదు. ఈస్కులాపీ విషయంలో, పొటాషియం అయాన్లను కణంలోపలికీ బయటికీ పంపే ఒక దారికి సంబంధించిన జన్యువులో వచ్చిన మార్పుల పాత్ర 2020లో వెల్లడైంది. రంగును చూసి జాతిని నిర్ణయించడం ఈ ప్రజాతిలో ఎంత ప్రమాదమో ఫ్రాంకీ కథ ఒక్కటే చాలు.

సెలయేరు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండవ తరంలో పెద్దవైనవి నలభై ఒకటి, వాటిలో చుక్కలవి తొమ్మిది. నాలుగింట ఒక వంతుకు ఇది దగ్గరగానే ఉంది కదా. మగవాటి సంఖ్య గురించి ఎవరైనా చెప్పగలరా? పిల్లచేపలు చాలా ఎక్కువగా ఉండటంతో మొదటి నెలన్నర వాటిని చిన్న తొట్టిలోనే ఉంచాల్సి వచ్చింది, ఆ సమయంలో మేత కూడా అన్నింటికీ సరిగా అందలేదని నా అనుమానం. నీటి వేడి ముప్పై ఒకటి, ముప్పై రెండు డిగ్రీల మధ్య ఉండేది.

గట్టుమీద (సమాధానం):

సెలయేరు గారూ, మీరు చెప్పిన మూడు పరిస్థితులూ, అంటే ఇరుకు, అరకొర మేత, ఎక్కువ వేడి, మగవాటి వైపే మొగ్గుతాయి. కాబట్టి ముప్పై నాలుగింట నాలుగే ఆడవి కావడం నాకు ఆశ్చర్యంగా లేదు. అయితే ఈ చేపలో ఆడ, మగ ఎలా నిర్ణయమవుతాయన్నది ఎంతో లోతైన విషయం కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మనుషుల్లో ఎక్స్, వై క్రోమోజోములు చూసి చెప్పినట్లు జీబ్రా చేపల్లో చెప్పలేం. దీనికి ఇరవై ఐదు జతల క్రోమోజోములున్నాయి, సూక్ష్మదర్శినిలో చూస్తే వాటిలో ఏ జతా ఆడకూ మగకూ వేరుగా కనిపించదు. ప్రయోగశాలల్లో తరతరాలుగా పెంచుతున్న ప్రధాన వంశాల్లో లింగాన్ని నిర్ణయించే ఒకే ఒక పెద్ద జన్యుస్థానమేదీ దొరకలేదు. కానీ ప్రకృతి నుంచి ఇటీవల తెచ్చిన వంశాలను పరిశీలించినప్పుడు, నాలుగవ క్రోమోజోము చివర అటువంటి స్థానం ఒకటి ఉందని 2014లో బయటపడింది. ఆ ఏర్పాటు పక్షుల్లోలా ఉంటుంది. రెండు ప్రతులూ జెడ్ అయితే మగ, ఒకటి డబ్ల్యు అయితే సాధారణంగా ఆడ. సాధారణంగా అనే మాట ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే డబ్ల్యు ఉన్నవాటిలోనూ కొన్ని మగవిగా పెరుగుతాయి. అంటే ప్రయోగశాలలో స్థిరపడే క్రమంలో ఈ చేప ఒక సహజ లక్షణాన్నే పోగొట్టుకుంది. అక్వేరియం చేపలు కూడా తరతరాలుగా మనుషుల చేతుల్లో పెరిగినవే కనుక, మీ చేపల్లో ఏ ఏర్పాటు మిగిలిందో బయటి నుంచి చూసి చెప్పలేం.

దీనిపైన మరొక విచిత్రముంది. పిల్లచేపలన్నింటిలోనూ మొదట అండాశయం లాంటి అవయవమే ఏర్పడి, అందులో లేత అండకణాలు కూడా మొదలవుతాయి. సుమారు మూడు నాలుగు వారాల వయసులో కొన్నింటిలో ఆ అండకణాలు నశించి, అదే అవయవం ముష్కంగా మారుతుంది. అండకణాలు నిలదొక్కుకున్నవి ఆడవి అవుతాయి. తరువాత అండాలుగానో శుక్రకణాలుగానో మారే బీజకణాలను పూర్తిగా తొలగించిన పిండాలు మగవిగానే పెరుగుతాయని ప్రయోగాలు చూపాయి. కనుక ఆడదిగా మిగలాలంటే తగినన్ని బీజకణాలు బతికి ఉండాలి. ఆకలి, ఇరుకు, నీటిలో ప్రాణవాయువు తగ్గడం, అధిక వేడి వంటివి ఆ నిర్ణయకాలంలో ఎదురైతే తూకం మగవైపు వాలుతుంది. మీ పిల్లచేపలు చిన్న తొట్టిలో గడిపిన నెలన్నర సరిగ్గా ఈ కాలాన్నే కప్పేసింది.

మీ పత్రం కోసం మరో మాట. ప్రయోగశాలల్లో దీనిని ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీల దగ్గర పెంచుతారు, పిండాభివృద్ధి లెక్కలన్నీ ఆ వేడికే కట్టినవి. ఆ వేడిలో ఫలదీకరణం జరిగిన ఇరవై నాలుగు గంటలకే గుండె కొట్టుకుంటుంది, రెండు మూడు రోజులకు గుడ్డు పగులుతుంది, అయిదవ రోజుకు పిల్ల ఈదుతూ మేత వెతుక్కుంటుంది. గుడ్డు మిల్లీమీటరు కన్నా చిన్నది, పారదర్శకమైనది, తల్లి శరీరం బయటే పెరుగుతుంది. ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ ఈ చేపను ఎంచుకోవడానికీ, ఆయన 1981లో ఒకే తల్లి జన్యువులతో కూడిన వంశాలను సృష్టించిన తరువాత ప్రపంచమంతటా ప్రయోగశాలలు దీనివైపు తిరగడానికీ ఈ గుణాలే కారణం. 2013లో దీని జన్యుపటం పూర్తిగా ప్రచురితమైనప్పుడు, మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఇందులో సాటి జన్యువు కనీసం ఒక్కటైనా ఉందని తేలింది. గుండె కింది గదిలో అయిదవ వంతు కోసివేసినా రెండు నెలల్లో తిరిగి పెంచుకోగలదని 2002లో గమనించారు. ఇవన్నీ గొప్ప విషయాలే. కానీ పిల్లలకు దీనిని ప్రయోగశాల చేపగా మాత్రమే పరిచయం చేయవద్దని నా మనవి.

ఇది ఋతుపవనాల చేప. గంగా, బ్రహ్మపుత్ర పరీవాహకాల్లో, భారత్, బంగ్లాదేశ్, నేపాల్ దేశాల్లో, నిదానంగా పారే వాగుల అంచుల్లో, కుంటల్లో, వరిమళ్లలో ఉంటుంది. చలికాలంలో ఆరు డిగ్రీల నుంచి ఎండాకాలంలో ముప్పై ఎనిమిది డిగ్రీల దాకా మారే నీటిని తట్టుకుంటుంది. నీటిలో తేలే సూక్ష్మజీవులనూ పురుగులనూ తింటుంది. వానలు పడి మళ్లు, పల్లాలు నిండినప్పుడు లోతు తక్కువ నీటిలోకి చేరి, తెల్లవారే వేళ గుడ్లు వదులుతుంది. మగచేప విడిచే వాసన పదార్థాలు ఆడచేపలో అండాల విడుదలను ప్రేరేపిస్తాయి. గుడ్లు దేనికీ అంటుకోకుండా అడుక్కు జారిపోతాయి, తల్లిదండ్రులు వాటిని కాపాడవు సరికదా, కనిపిస్తే తినేస్తాయి. గులకరాళ్లున్న చోటును ఎంచుకోవడానికి ఇదే కారణం కావచ్చు, రాళ్ల సందుల్లో పడిన గుడ్డుకు బతికే అవకాశం ఉంటుంది. తొట్టెల్లో మూడు నుంచి అయిదేళ్లు బతికే ఈ చేప, ప్రకృతిలో చాలావరకు ఒక్క ఏడాదే బతుకుతుంది, ఒక వానాకాలంలో పుట్టినది మరుసటి వానాకాలంలో గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది.

మరోసారి గుడ్లు పెట్టించేటప్పుడు తొట్టి అడుగున గులకరాళ్లు పరచి, మరుసటి ఉదయమే పెద్ద చేపలను తీసివేయండి. వేడిని ఇరవై ఎనిమిది దగ్గర నిలపండి. అయిదవ రోజు నుంచి రెండు నెలలు నిండేవరకు తక్కువ పిల్లలను ఎక్కువ నీటిలో ఉంచి, మేతను రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా వేయండి. మూడవ నెలలో లెక్కపెట్టండి. పొట్ట గుండ్రంగా, వెండి తెలుపుగా ఉన్నది ఆడచేప, సన్నగా ఉండి లేత చారల్లో బంగారు ఛాయ కనిపించేది మగచేప. ఆ లెక్క ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తే, ఇంతకుముందరి లెక్కతో కలిపి చూడవచ్చు.